ఎన్నంకణాల మిద్దె?

ఒకప్పుడు మా జమ్మలమడుగు వైపు పిల్లనిచ్చే ఇల్లు చూసివచ్చిన పెద్దమనుషుల్ని ఇంట్లో ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. సేద్యం ఎంత? ఎన్నంకణాల మిద్దె? గదులెన్ని అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అంకణాల లెక్క తెలిస్తే ఆ ఇంటి పొడవెంతో, ఎన్ని దూలాలు పడ్డాయో, ఎందరు పడుకోవచ్చో, ఎన్ని మూటల జొన్నలు పడతాయో తెలిసిపోయినట్టే. ఇంటాయన పరపతి కూడా అందులోనే తేలిపోయేది.

అంకణం అంటే రెండు దూలాల నడుమ జాగా. ఇప్పుడా మాట రిజిస్ట్రారు ఆఫీసుకూ ప్లాట్ల బోర్డులకూ వలసపోయి స్థలం కొలతగా మిగిలింది. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. ఒకే మాటకు ఇంత తేడా ఏమిటని కొనేవాళ్లు తికమకపడుతుంటారు. నాకైతే అందులో వింత కనపడదు. అది మొదట్లో నేలను కొలిచిన మాట కాదు, పైకప్పును కొలిచిన మాట. ఏ సీమలో ఎంత పొడుగు మాను, ఎంత పొడుగు బండ చేతికొస్తే ఆ సీమ అంకణం అంతే ఉండి ఉంటుందని నా ఊహ.

మా జేజినాయన కట్టించింది ఐదంకణాల మిద్దె. కట్టించినప్పుడు మూడే. మా చిన్నాయన పెళ్లికి ఒకటి, పశువులు పెరిగాక ఇంకొకటి కలిపారు. కలిపిన చోట గోడ రంగు కొంచెం తేడాగా ఉండేది. ఎవరూ దాన్ని దాచాలని చూడలేదు.

*

మిద్దె పని గని దగ్గరే మొదలవుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, మైలవరం చుట్టుపక్కల నేలను నాలుగడుగులు తవ్వితే చాలు, కింద పుస్తకం పేజీల్లాగా పొరలు పొరలుగా సున్నపురాయి, మా వాడుకలో నాపరాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు నార్జి సున్నపురాయి. నార్జి కడప జిల్లాలోని ఒక ఊరు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద జియలాజికల్ సర్వే తరఫున పెద్ద నివేదిక అచ్చువేశాడు. ఆ రోజుల నుంచీ మన పల్లెల, పట్నాల పేర్లు రాళ్లకు ఎక్కుతూ వచ్చాయి. పులివెందుల పేరు మీదా ఒక రాయి ఉంది, పులివెందుల క్వార్ట్‌జైట్. అది గట్టిది, ఉలికి లొంగదు, పలకగా విడదు. వేంపల్లె పేరు మీద ఉన్నది డోలమైట్. పులివెందుల వైపు పాత గోడలు ఎందుకంత మొరటుగా, గుండ్రాళ్లూ మూలరాళ్లూ కలిపి పేర్చినట్టుంటాయో, జమ్మలమడుగు వైపు ఎందుకు పలకలు పేర్చినంత తీరుగా ఉంటాయో ఈ పేర్లలోనే జవాబుంది. ముప్పై నలభై మైళ్లలో రాయి మారింది, రాయితోపాటు గోడ మారింది.

నాపరాయిని తీసేవాడు రాతిని పగలగొట్టడు. పొర ఎక్కడ విడుతుందో కనిపెట్టి, అక్కడ ఉలి పెట్టి, సుత్తెతో తట్టుకుంటూ పోతాడు. శబ్దం మారుతుంది. మొదట గట్టిగా కంగుమని, తరవాత డొల్లగా. డొల్లమోత వచ్చిందంటే లోపల పొర వదిలింది. అప్పుడు గడ్డపార దూర్చి మెల్లగా లేపుతాడు. మందం అతను నిర్ణయించేది కాదు. ఒక పొర అంగుళం వస్తుంది, ఇంకోటి మూడంగుళాలు. అంగుళంవి నేలకు, రెండు మూడంగుళాలవి పైకప్పుకు, ఇంకా మందమైనవి మెట్లకూ గడపలకూ. అటూ ఇటూ కానివాటిని నిలువునా పాతి దొడ్డికి ప్రహరీ చేస్తారు. ఈ రాయే ముంబయి వంటిళ్లలో ‘కడప్పా’ పేరుతో గ్యాసు పొయ్యి కింద గట్టుగా పరుచుకుంది. అక్కడి ఇల్లాలికి అది ఒక జిల్లా పేరని తెలియకపోవచ్చు.

ఈ రాతికి ఒక బలహీనత ఉంది. నెత్తిన ఎంత బరువు పెట్టినా మోస్తుంది గానీ వంగమంటే వంగదు, విరుగుతుంది. అందుకని పది అడుగుల గది మీద ఒకే బండ వేయలేరు. బండకు అడుగు, అడుగున్నరకొక ఆసరా కావాలి. ఆ ఆసరాలే దంతెలు. దంతెలకు ఆసరా దూలం. దూలానికి ఆసరా గోడ, లేదా స్తంభం. స్తంభం కింద చెదలెక్కకుండా రాతిదిమ్మె. ఇలా పైనుంచి కిందికి బరువు దిగే దారిని లెక్కవేసుకుంటూ వస్తే ఇంటి కొలతలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. వేపమాను, తుమ్మమాను వంకర లేకుండా ఎనిమిది తొమ్మిది అడుగులు దొరికితే గొప్ప. కలిగినవాళ్లు టేకు తెప్పించుకునేవాళ్లు. గది వెడల్పు అంతకు మించదు. ఇల్లు పొడుగ్గా పెరగాల్సిందే, ఒక అంకణం పక్కన ఇంకో అంకణం.

ఆమధ్య మా వైపు మేస్త్రీ ఒకాయనతో పాత ఇళ్ల గురించి మాట్లాడుతూ, పడసాల ఇంకో మూడడుగులు వెడల్పు పెట్టి ఉంటే బాగుండేది కదా అన్నాను. ఆయన నవ్వి, “రూము ఎంత గావాల్నో నువ్వు చెప్పేది గాదు సార్, దూలం చెప్తాది” అన్నాడు.

*

గోడ రెండడుగుల మందం, ఒక్కోచోట రెండున్నర. నిజానికి అది రెండు గోడలు. బయటి ముఖానికొకటి, లోపలి ముఖానికొకటి, నడుమ చిన్నరాళ్లూ మట్టీ. రెండూ విడిపోకుండా అక్కడక్కడా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాయి పెడతారు. మంచి మేస్త్రీ కట్టిన గోడకూ, గుత్తకు కట్టిన గోడకూ తేడా ఆ పొడుగు రాళ్లలోనే ఉంటుంది. అవి తక్కువైతే పదేళ్లకో ఇరవయ్యేళ్లకో గోడ కడుపొస్తుంది. కడుపొచ్చిన గోడను ఏ సున్నమూ దాచలేదు.

రాళ్ల నడుమ మట్టే. కలిగినవాళ్లు గానుగ సున్నం వాడారు, ప్రొద్దుటూరు వ్యాపారస్తుల పాత ఇళ్లలో ఆ నునుపు గోడలు ఇంకా కనిపిస్తాయి. పల్లెల్లో మట్టే. దీన్ని పేదరికం అనుకోవడం తొందరపాటు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చేయి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీద నిలబడ్డ ఇల్లు ఏటా కొంచెం కదులుతూనే ఉంటుంది. మట్టి అడుసుతో కట్టిన గోడ ఆ కదలికను సర్దుకుంటుంది. చిన్న చిన్న బీటలు వస్తే పేడా ఎర్రమన్నూ కలిపి అలికితే సరి. అదే నేల మీద సిమెంటుతో బిగించిన గోడ అయితే కిటికీ మూల నుంచి పైకప్పు దాకా మెరుపు గీసినట్టు ఒకటే బీట.

ఇక అసలు పనితనం పైకప్పులో ఉంది. దంతెల మీద బండలు పరుస్తారు. బండలు కొనలేనివాళ్లు కట్టెలు పేర్చి, వాటి మీద కంప, ఆకు, కసువు వేస్తారు. దాని మీద తడిపి తొక్కిన మట్టి. దిమ్మిసతో కొడతారు. ఆ పైన చౌడు.

చౌడు అంటే రైతుకు శత్రువు. చౌడు నేలలో విత్తనం మొలవదు, పోసిన నీళ్లు ఇంకవు, పైనే నిలిచి ఎండకు ఆవిరవుతాయి. కారణం ఆ మట్టిలో సోడియం ఎక్కువ. సోడియం పట్టిన బంకమట్టికి నీళ్లు తగిలితే దాని రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి సన్నగా చెదిరిపోతాయి. చెదిరినవి పోయి మట్టిలోని రంధ్రాలన్నిటినీ పూడ్చేస్తాయి. పైపొర మూతపడిపోతుంది. మొదటి చినుకులు తామే తలుపు వేసుకుని తరవాతి చినుకుల్ని లోపలికి రానివ్వవన్నమాట. పొలంలో ఏ గుణం శాపమో, నెత్తిన అదే కావాల్సింది. ఈ సంగతి ఎవరు మొదట కనిపెట్టారో గానీ, మడిలో నీళ్లు నిలిచిపోవడం చూసి విసుక్కున్న రైతే అయ్యుండాలి. బట్టలుతకడానికి చాకళ్లు వాడిన సవుడు కూడా ఈ జాతి మట్టే.

ఏటా రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పడేది. మృగశిర వచ్చేలోపు ముగియాలి. ఊరి బయట చౌడు గుంతల నుంచి బండ్లతో తోలించేవాళ్లు. గంపలతో నిచ్చెన మీదుగా పైకి. మేము పిల్లలం మొదట పాత మిద్దె మీద నిరుడు మొలిచి ఎండిపోయిన గడ్డిని వేళ్లతో సహా పెరకాలి. వేరు మిగిలితే వానకు ఆ వేరు వెంబడే నీళ్లు దిగుతాయి. తరవాత పెద్దవాళ్లు పైపొరను పారతో పలచగా గీకి తీసేసేవాళ్లు. ఆ తరవాతే కొత్త చౌడు. మా జేజినాయనకు ఇందులో ఒకటే సూత్రం: “తీసినంత పోయల్ల. పోసుకుంట పోతే నెత్తిన పడ్తాది.”

ఆ మాటలోని లెక్క నాకు చాలా కాలం తరవాత గానీ తెలియలేదు. అడుగు మందం మట్టి అంటే చదరపు అడుగుకు దాదాపు 45 కిలోలు. ఆరడుగులకు ఆరడుగుల అంకణం మీద పదహారు వందల కిలోలు. కింది రెండంగుళాల బండల్ని కలిపితే రెండు టన్నులు. ఇప్పుడు మనం పోసే నాలుగున్నర అంగుళాల కాంక్రీటు కప్పు అంతే జాగాకు టన్ను లోపే. అంటే బాగా మట్టి పట్టిన మిద్దె కింద పడుకున్నవాళ్లు కాంక్రీటుకు రెట్టింపు బరువు కింద పడుకున్నట్టు. వాన ముసురు పట్టి మట్టి నానితే ఇంకొంత. సోమరితనంతో పాతది గీకకుండా ఏటా ఒక అంగుళం పోసుకుంటూ పోయిన ఇళ్లే జడివానల్లో కూలాయి. ఆ చావులు పేపర్లో రెండు లైన్ల వార్తగా వచ్చేవి, ‘పాత మిద్దె కూలి’ అని. మిద్దె పాతదైనందుకు కూలినట్టు రాసేవాళ్లు.

పోయడం అయ్యాక జేజినాయన చెంబుతో నీళ్లు తీసుకుని మిద్దె ఒక మూల కూర్చునేవాడు. సన్నని ధారగా వదిలి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవాడు. ధార దోనె వైపు తిరిగితే సరే. మధ్యలో ఎక్కడన్నా నిలిచి వెడల్పయిందంటే అక్కడ వేలితో గుర్తు గీసి, దోసెడు చౌడు వేసి అరచేత్తో మెత్తేవాడు. మళ్లీ నీళ్లు. అలా పొద్దు వాలేదాకా. మట్టపు గొట్టం ఆయన చేతిలో నేనెప్పుడూ చూడలేదు. అంత చేసినా ఏదో ఒక రాత్రి వంటింట్లో జేజి గిన్నె పెడుతూ, “మిద్దె ఉరుస్తాంది” అనేది. ఆయన లేచి చీకట్లోనే పైకెక్కేవాడు.

*

మిద్దె ఇంటికి కిటికీలు తక్కువ. బయటి గోడకు అసలు లేకపోయినా ఆశ్చర్యం లేదు. దొంగల భయం ఒకటి, వడగాలి ఒకటి. వెలుతురు పైనుంచి వస్తుంది. వంటింటి నెత్తిన అడుగు, అడుగున్నర బొక్క, దాని పేరు గవాచి. చుట్టూ మట్టితో కట్ట కడతారు, వాన నీళ్లు పారివచ్చి దూకకుండా. వాన మొదలైతే పైన బండో రేకో కప్పుతారు. పొయ్యి పొగ అందులోంచే పోతుంది. ఎండ అందులోంచే దిగుతుంది, బిళ్ల మాదిరిగా. పొద్దున గోడ మీద ఉన్న బిళ్ల మధ్యాహ్నానికి నేల మీదికి దిగి, సాయంత్రానికి ఎదురు గోడ ఎక్కుతుంది. మా జేజికి గడియారం చూడటం రాదు. “ఎండ రోటి మీదికొచ్చె, ఇంగ సద్ది కట్టల్ల” అనేది.

ఎండాకాలంలో మధ్యాహ్నం బయట 44 డిగ్రీలున్నప్పుడు ఆ చీకటి పడసాల నేల మీద నాపబండకు వీపు ఆనించి పడుకున్నవాడికి మిద్దె విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అడుగు మట్టిని దాటి ఎండ లోపలికి దిగడానికి గంటలు పడుతుంది. దిగేసరికి పొద్దు పోతుంది, అప్పుడు మనం పైన ఉంటాం, చాపలు వేసుకుని. పలచటి కాంక్రీటు కప్పు ఇందుకు విరుద్ధం. మధ్యాహ్నం తాగిన వేడినంతా సరిగ్గా మనం పడుకునే వేళకు కక్కుతుంది.

*

ఇక్కడ నేను కడప నుంచి కొంచెం పక్కకు పోవాలి.

2015లో వచ్చిన మణిరత్నం ‘ఓకే బంగారం’ చూసినవాళ్లకు అహ్మదాబాదు ఘట్టంలో కనిపించే ఒక పెద్దాయన గుర్తుండొచ్చు. ఆయన నటుడు కాదు. బాలకృష్ణ దోషి. మూడేళ్ల తరవాత, 2018లో, ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. భవన నిర్మాణంలో అంతకు మించిన బహుమతి లేదు, అది పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

దోషి 1927లో పూనాలో పుట్టారు. వాళ్లది చెక్క సామాన్లు చేసే కుటుంబం. ఉమ్మడి ఇల్లు. సంసారం పెరిగిన కొద్దీ ఆ ఇంటికి గదులూ అంతస్తులూ కలుస్తూ పోయాయి. ఇల్లంటే పెరిగేదని తనకు చిన్నప్పుడే తెలిసిందని ఆయన తరచూ చెప్పుకునేవారు. 1951 నుంచి 1954 దాకా పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేశారు. ఇరవయ్యో శతాబ్దపు కట్టడాల ముఖం మార్చిన మనిషి కార్బూజియే. ఏటవాలు కప్పు తీసేసి చదును కప్పు వేయాలనీ, దాని మీద తోట పెంచాలనీ, మనిషి నిలువెత్తును బట్టి ఇంటి కొలతలన్నీ రావాలనీ వాదించినవాడు. ఆ కొలతల పద్ధతికి ‘మాడ్యులోర్’ అని పేరు పెట్టి పుస్తకమే రాశాడు. దోషి ఆ చదువు చదువుకుని, గురువు కట్టడాల పని చూసుకోవడానికి అహ్మదాబాదు వచ్చి అక్కడే స్థిరపడ్డారు. 1962లో అక్కడ ఆర్కిటెక్చర్ బడి పెట్టారు. అమెరికా నుంచి లూయీ కాన్‌ను ఐఐఎం కట్టడానికి రప్పించడంలో ఆయన చేయి ఉంది. బడి భవనానికి తలుపులు వద్దన్నది ఆయన పట్టు. తరగతి గదులకు అడ్డుగోడలు లేకుండా, కింద చల్లటి నీడలో పిల్లలు ఎక్కడ కూర్చుంటే అదే తరగతి అయ్యేట్టు కట్టారు.

అప్పటి మన రాజధానికీ వచ్చారు. 1968-71 మధ్య హైదరాబాదులో ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీ గీసింది దోషే. బస్సు బోర్డు మీద ‘ఈసీఐఎల్’ అని చదువుకుంటూ రోజూ పోయేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

కానీ నాకు మిద్దెను గుర్తుచేసేది ఈసీఐఎల్ కాదు, ఇంకో రెండు. ఒకటి 1980లో అహ్మదాబాదులో తన ఆఫీసుకని కట్టుకున్న ‘సంగాత్’. సగం నేలలోకి దింపిన గదులు, నెత్తిన పొడుగాటి వంపు కప్పులు, కప్పు లోపల డొల్ల మట్టి గొట్టాలు, పైన ఎండను తిప్పికొట్టడానికి పగిలిన తెల్లటి పింగాణీ ముక్కలు. చౌడు కూడా తెల్లగానే ఉంటుంది. వాన నీళ్లు కాలువలుగా దిగి కుండీల్లోకి పారేట్టు ఆయన ఆ కప్పును తీర్చిన తీరు ఫొటోల్లో చూసినప్పుడల్లా నాకు చెంబు పట్టుకుని మిద్దె మూల కూర్చున్న మా జేజినాయన కళ్లలో మెదులుతాడు.

రెండోది ఇందోర్‌లో 1980లలో వేసిన ‘అరణ్య’. పేదల కాలనీ, ఆరున్నర వేల ప్లాట్లు. దోషి బృందం నమూనాగా కట్టి చూపించింది ఎనభై ఇళ్లే. మిగతావాళ్లకు స్థలం, అరుగు మట్టం, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, ఒక గది. మిగతాది మీరు డబ్బు కూడినప్పుడు కట్టుకోండి అన్నారు. ఊరికే వదిలేయలేదు. ఇందోర్ మురికివాడల్లో మనుషులు గడపను, అరుగును, మెట్టును ఎలా వాడుకుంటున్నారో ముందు కొలిచి, గీసి, ఇల్లు ఏ వైపు ఎన్ని అడుగులు పెరగవచ్చో ముందే ఆలోచించి పెట్టారు. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది.

అరణ్యను చదివినప్పుడు నాకు అనిపించింది ఒకటే. ఇది అంకణాల లెక్క. ఈ ఏడాది ఒకటి, కొడుకు పెళ్లికి ఇంకొకటి. కలిపిన చోట గోడ రంగు తేడా వచ్చినా సిగ్గుపడనక్కర్లేదు.

మావాళ్లు ముందే కనిపెట్టారు, పారిస్ వాళ్లు తరవాత కనిపెట్టారు అని చెప్పడానికి కాదు ఇదంతా. ఆ రకం గర్వం నాకు నచ్చదు. మా మేస్త్రీకి అంకణం తప్ప దారి లేదు, దూలం పొడుగు దొరకదు కాబట్టి. దోషికి ఎన్నో దారులున్నాయి, ఇనుమూ సిమెంటూ ఉన్నాయి, ఎంత వెడల్పు గదైనా పోయగలరు. ఉండి కూడా, జీవితమంతా బళ్లో చెప్పి, కట్టి, చివరికి ఆ చిన్న కొలత దగ్గరికే వచ్చారు. ఆ ప్రయాణం చూశాక గానీ మా ఇంటిని నేను చదవలేకపోయాను.

*

మిద్దె మంచిది కదా అని మళ్లీ మిద్దెలు కట్టుకోండి అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క వానాకాలం అందులో కాపురముండి చెప్పాలి. దంతెల సందుల్లో తేళ్లు. గోడలో దూరిన దూలం చివర చెద, పైకి ఏమీ తెలియదు. చీకటి. ఏటా చౌడు, వారం వారం అలుకుడు, ఆ అలికే చేతులన్నీ ఆడవాళ్లవే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఊళ్లో అందరికీ మిద్దెలు లేవు. బండలు లేపినవాళ్లు, చౌడు మోసినవాళ్లు, దిమ్మిస కొట్టినవాళ్లలో చాలామంది రాత్రికి పోయి పడుకున్నది బోద కొట్టాల్లో. ‘ఎన్నంకణాల మిద్దె’ అన్న ప్రశ్న వాళ్లనెవరూ అడగలేదు. కాంక్రీటు కప్పు వచ్చినప్పుడు వాళ్లకు కలిగిన సంతోషాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు.

విచిత్రం ఏమిటంటే ఆ కాంక్రీటు కూడా ఈ రాయే. చిలంకూరు, ఎర్రగుంట్ల, నల్లలింగాయపల్లె, చినకొమెర్ల సిమెంటు ఫ్యాక్టరీలు పొడి చేసి కాలుస్తున్నది మన సున్నపురాతినే. వెనకటికి పొర చెడకుండా లేపి నెత్తిన పరుచుకున్న రాతిని ఇప్పుడు పేల్చి, దంచి, బస్తాల్లో నింపి మళ్లీ నెత్తికే ఎక్కిస్తున్నాం. నడుమ కాలిన బొగ్గు ఎంతన్నది వేరే లెక్క.

పోయిన మిద్దెల్లో అన్నీ కాంక్రీటుకే పోలేదు. గండికోట జలాశయం నిండినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఊళ్లే మునిగాయి. ఆ మిద్దెల్లో ఉన్నంత చేవ ఉన్న దూలాలు ఇప్పుడు ఏ అడవిలో దొరుకుతాయి? అలాంటివి ఎక్కడ కనపడినా పట్నం హోటళ్లవాళ్లు కొని, పాతకాలపు అందం కోసం గోడలకు ఆనించి పెడుతున్నారు. ఏ బరువూ మోయని దూలాన్ని చూస్తే నాకెందుకో జాలి.

ప్రొద్దుటూరు, పులివెందుల శివార్లలో సెంటు, సెంటున్నర స్థలాల్లో లేచిన ప్రభుత్వ కాలనీల ఇళ్లు 340 చదరపు అడుగులవి. తిరుపతి లెక్కన తొమ్మిదంకణాల పైచిలుకు. తక్కువేమీ కాదు, మా జేజినాయన మొదటి మూడంకణాల్లో తొమ్మిదిమంది బతికారు. లోటు జాగాలో లేదు. ఆ ఇంటికి రేపు ఇంకో అంకణం ఎటు కలపాలో ఎవరూ ఆలోచించలేదు. నాలుగు వైపులా అయిపోయిన ఇల్లది. మెట్లు లేవు, పైకి పోదామన్నా. జనం ఊరుకోరు కదా, ముందు రేకులు వంచి, పక్కన బండలు నిలబెట్టి, తమ అంకణం తామే కలుపుకుంటున్నారు. దోషి బతికి ఉండి ఆ కాలనీల్లో తిరిగితే మొదట ఆ రేకుల దగ్గరే ఆగేవారనుకుంటాను. ఆయన 2023 జనవరిలో పోయారు.

2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. అందులో చదివే పిల్లలు టేపులు పట్టుకుని మైలవరం, ముద్దనూరు, వేంపల్లె పల్లెల్లోకి పోతే ఇంకా నిలబడి ఉన్న మిద్దెలు కొన్ని దొరుకుతాయి. పైకెక్కి చౌడు మందం కొలవాలి. దంతెల ఎడం రాసుకోవాలి. పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ రాత్రి పదింటికీ లోపలా బయటా వేడి చూడాలి. ఎక్కువ ఆలస్యం చేయకూడదు. చెప్పే మేస్త్రీలకు డెబ్బై దాటాయి.

కిందటి వేసవిలో అలాంటి మేస్త్రీ ఒకాయన పనిచేస్తుంటే రెండు గంటలు నిలబడి చూశాను. ఏడంకణాల మిద్దె, ఐదు పడగొట్టి కాంక్రీటు వేస్తున్నారు. రెండు ఉంచమని ఇంటి ముసలమ్మ పట్టు పట్టింది, కొత్త గదిలో తనకు నిద్ర పట్టదట. దించిన దూలాల్ని వరసగా పరిచి, ఆయన ఒక్కొక్కదాన్నీ సుత్తెతో తడుతూ పోతున్నాడు, గనిలో బండను తట్టినట్టే. కంగుమన్నదాన్ని పక్కకు నెట్టిస్తున్నాడు. డొల్ల పలికినదాన్ని ఎక్కడి నుంచి పలికిందో అక్కడ బొగ్గుతో గీత గీసి, ఆ మేరకు కోయిస్తున్నాడు. అన్నింటికన్నా మంచి దూలం, ముదురు వేప, చివర అడుగున్నర చెదపట్టింది. కోశాక మిగిలింది ఏడున్నర అడుగులు.

ఇంటి కొడుకు గొడ్ల కొట్టానికి పది అడుగుల వెడల్పు గీసి పెట్టుకున్నాడు. ముగ్గుపిండితో నేల మీద గీత కూడా వేశాడు. మేస్త్రీ దూలాన్ని ఇద్దరు మనుషులతో మోయించుకొచ్చి ఆ గీత మీద పెట్టి చూశాడు. తరవాత కాలితో పాత గీతను చెరిపి, దూలం చివరలు రెండూ గోడలో ఎంత దూరాలో జానతో కొలుచుకుని, లోపలికి కొత్త గీత గీశాడు. ఆరడుగుల చిల్లర. “ఆవులు రెండే కదా ఉండేది” అన్నాడు ఆ పిల్లోనితో. “మూడోది వస్తే ఇంగో అంకణం ఏసుకో.”